బ్యాండు జ్ఞాపకాలు రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఏడు జ్ఞాపకాలనూ రెండుసార్లు చదివాను. వారమంతా ఉద్యోగాలు చేసుకుని, సెలవు రోజు రాత్రి ఎక్కడో ఒక చిన్న వేదిక మీద వాయించి, స్పీకర్లూ కేబుళ్లూ సర్దుకుని అర్ధరాత్రి దాటాక ఇళ్లకు చేరే ఔత్సాహిక బ్యాండుల గురించి ఇంత ఇష్టంగా రాసేవాళ్లు తక్కువ. అందుకే నీ కాగితాలు చూడగానే సంతోషం కలిగింది. అయితే ఏడింటిలో నన్ను నిజంగా నవ్వించింది ఒక్క డ్రమ్ము కథే. మిగిలిన ఆరూ జరిగినప్పుడు మీరంతా కడుపుబ్బ నవ్వుకున్నారన్న మాట నమ్ముతాను. కానీ ఆ నవ్వు కాగితం మీదికి రాలేదు. ఎందుకు రాలేదో చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఆరింటిలోనూ నువ్వు తప్పు జరిగిన క్షణం దగ్గరే ఆగిపోయావు. మైకు కీచుమంది, తీగ తెగింది, గాయకుడు చరణం మరిచిపోయాడు, అందరూ నవ్వారు, అంతటితో సరి. వేదిక మీద ఉన్నవాళ్లకు అసలు కథ అక్కడే మొదలవుతుంది. పాట ఆపడానికి వీల్లేదు, తప్పు ఎవరి దగ్గరుందో తెలియదు, చేతులు ఖాళీగా లేవు, నోరు విప్పి మాట్లాడుకునే దారి లేదు. అలాంటప్పుడు నలుగురైదుగురు మనుషులు కళ్లతో, కనుబొమలతో సంప్రదించుకుంటూ ఆ పాటను ఎలాగోలా ఒడ్డుకు చేర్చడానికి పడే తంటాలలోనే హాస్యమంతా ఉంది. నువ్వు రాయవలసింది ఆ తంటాలు.

నా అనుభవం ఒకటి చెబుతాను. నేను చాలా ఏళ్లు ఒక ఔత్సాహిక బ్యాండులో బేస్ గిటారు వాయించాను. ఒక రాత్రి గాయని కోరిక మీద ఒక పాటను అర స్వరం పెంచి వాయించాం. దానికోసం గిటారు వాయించే మిత్రుడు మొదటి ఫ్రెట్ (గిటారు మెడ మీది అడ్డ మెట్టు) మీద కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి అదిమి శ్రుతి పెంచే క్లిప్పు, బిగించుకున్నాడు, నేను చేతిని ఒక ఫ్రెట్ ముందుకు జరుపుకున్నాను, కీబోర్డు మిత్రుడు ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకసారి నొక్కాడు. ఆ బటన్ నొక్కితే వేళ్లు ఎప్పటి మెట్ల మీదే ఉంటాయి, స్వరం మాత్రం పైనుంచి పలుకుతుంది. పాట అయ్యాక అతను కాపో తీసేశాడు, నేను చేయి వెనక్కి తెచ్చుకున్నాను, బటన్ మాత్రం అలాగే ఉండిపోయింది. కాపో కంటికి కనబడే వస్తువు. బటన్ నొక్కి ఉన్నదనడానికి చీకట్లో చిన్న తెరమీద ఒకటి అనే అంకె తప్ప మరో గుర్తు లేదు.

తరువాతి పాట కీబోర్డు ఒక్కటే ఎత్తుకోవాలి. ఎత్తుకుంది, ఎంతో చక్కగా ఉంది, ఎందుకంటే ఒంటరిగా వాయిస్తున్నంతసేపూ ఏ శ్రుతి అయినా సరైన శ్రుతే. గాయని ఆ శ్రుతినే అందుకుంది. అప్పుడు గిటారు మిత్రుడూ నేనూ కలిశాం. గిటారు మీద 440 హెర్ట్జ్ పలికే చోట కీబోర్డు 466 పలుకుతోంది. అంత దగ్గరి స్వరాలు రెండూ కలిస్తే చెవిలో గరగరమని ఒరుసుకుంటాయి. గిటారు మిత్రుడు తన తీగ సడలిందనుకుని ఒక చేత్తో బిరడా తిప్పడం మొదలుపెట్టాడు. గాయని నా వైపు జాలిగా చూసింది. శ్రుతితో పనిలేని డ్రమ్మరు మాత్రం హాయిగా కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. నేను చెవి చెప్పినట్టు ఒక ఫ్రెట్ పైకి జరిగి కీబోర్డుతో కలిశాను. సరిగ్గా ఆ క్షణానికే గిటారు మిత్రుడు గడ్డంతో కీబోర్డు తెర చూపించడమూ, కీబోర్డు మిత్రుడు ఆ అంకె చూసి బటన్ మళ్లీ నొక్కి కిందికి దిగడమూ జరిగిపోయాయి. దాంతో పైన మిగిలినవాళ్లం గాయని, నేను. గిటారు మీద ఒక తీగ అప్పటికే సగం తిరిగి ఉంది. రెండోసారి మేమందరం ఒకరికొకరం దొరకడానికి ఇంకో చరణం పట్టింది.

ఈ సంగతి మొదటిసారి రాసినప్పుడు నేనూ నీలాగే రాశాను. కీబోర్డు మిత్రుడు బటన్ చూసుకోని మతిమరుపు మనిషిగా తేలాడు. అచ్చయ్యాక అతను చదివి, చాలాసేపు ఊరుకుని, "నా వేలు ఒక్కటి కూడా తప్పు పడలేదు" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. నిజమే, ఆ రాత్రి తప్పు వాయించినవాళ్లెవరూ లేరు. ఎవరి మటుకు వాళ్లు సరిగ్గానే వాయించారు, అన్నీ కలిపితేనే ఘోరంగా ఉంది. ఆ మాటను పట్టుకుని మొత్తం తిరగరాశాక, చదివినవాళ్లందరూ నవ్వారు, అతను అందరికంటే ఎక్కువ నవ్వాడు. తోటివాళ్లను తెలివితక్కువవాళ్లను చేస్తే వచ్చే నవ్వు పలచన. దాని జోలికి పోవద్దు.

అందుకే కారణం వెతకమంటున్నాను. నీ రెండో జ్ఞాపకంలో మైకు కూసింది, గాయకుడు బెదిరిపోయాడు అని వదిలేశావు. స్పీకరు శబ్దం మైకులోకి దూరి, పెద్దదై మళ్లీ స్పీకరులోంచి వచ్చి, తిరిగి మైకులోకి దూరి ఇలా చుట్టూ తిరగడమే ఆ కూత. డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరు మీద దీనిని లార్సెన్ ప్రభావమంటారు. అలా కూసినప్పుడు మీ గాయకుడు మైకు తలను అరచేత్తో మూశాడని నువ్వే ఒక ముక్క రాశావు, చూడు, కథంతా ఆ ముక్కలో ఉంది. పాటగాళ్లు ఎక్కువగా వాడే మైకు ముందునుంచి వచ్చే గొంతును తీసుకుని వెనకనుంచి వచ్చేదాన్ని తగ్గించగలగడానికి దాని తలలో వెనకవైపు ఉండే సందులే కారణం. వాటిని మూస్తే అది అన్ని వైపుల శబ్దాన్నీ లాగుతుంది, కూత ఇంకా పెరుగుతుంది. పెరిగేకొద్దీ అతను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. పాపం, అరుస్తున్న బిడ్డ నోరు నొక్కినట్టు పట్టుకుని ఉంటాడు. ఆ చేయి వదిలేదాకా రాయి.

తీగ తెగిన కథా అంతే. స్ప్రింగుల మీద తూగే బ్రిడ్జి (తీగల కొసలను పట్టి ఉంచే భాగం) ఉన్న గిటారు అని రాశావు కదా, అటువంటి గిటారులో ఒక తీగ తెగితే స్ప్రింగుల లాగుడుకు ఎదురు తగ్గి, మిగిలిన ఐదూ ఒక్కసారిగా పై శ్రుతికి పోతాయి. మీవాడికి ఒక తీగ పోలేదు, ఆరూ పోయాయి. ఈ సంగతి సంగీతం తెలియని పాఠకుడికి తప్పు జరగకముందే ఒక వాక్యంలో చెప్పి ఉంచు. నవ్వు వచ్చే చోట ఆగి వివరించబోతే ఆ నవ్వు చల్లారిపోతుంది.

చరణం మరిచిపోవడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. 1960లో బెర్లిన్‌లో వేల మంది ముందు అమెరికా జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌గెరాల్డ్ ఒక పాట మాటలు మరిచిపోయి, మరిచిపోయానన్న సంగతినే అదే వరుసలో కట్టి పాడేసింది. ఆ పాటకే ఆమెకు గ్రామీ పురస్కారం వచ్చింది. మీ గాయకుడు మొదటి చరణాన్నే మూడుసార్లు పాడి గట్టెక్కాడని రాశావు. మూడోసారి మొదలైనప్పుడు మిగిలినవాళ్ల ముఖాలు ఎలా ఉన్నాయో నాకు కావాలి.

నీకు గుర్తున్నదానిమీదే ఆధారపడకు. వేదిక మీద ఎవరి ముందున్న మానిటరులో (వాయించేవాళ్ల వైపు తిప్పి పెట్టే స్పీకరులో) వాళ్లకు కావలసినది వాళ్లకు వినిపిస్తుంది కాబట్టి, ఒకే పాట ఐదుగురికి ఐదు రకాలుగా జరుగుతుంది. అందరినీ విడివిడిగా అడుగు, పొంతన కుదరని చోట్లను సరిచెయ్యకుండా అలాగే రాయి. అచ్చుకు పంపేముందు వాళ్లకు చూపించు, పేర్లు వద్దంటే తీసెయ్యి.

ఇక నాకు నచ్చిన డ్రమ్ము కథ. నున్నటి చెక్క వేదిక మీద పరచడానికి తివాచీ తేవడం మరిచిపోయారు, పెడల్ తొక్కిన ప్రతిసారీ కిక్ డ్రమ్ అంగుళం అంగుళం ముందుకు జారింది, డ్రమ్మరు కూర్చున్న స్టూలు అంచుదాకా వచ్చి కాలు చాచి అందుకున్నాడు. చివరికి బేస్ గిటారు అమ్మాయి ప్రేక్షకులకు వీపు తిప్పి, మడమ అడ్డంపెట్టి డ్రమ్మును ఆపుతూనే పాటంతా వాయించింది. దీన్ని పది వాక్యాలలో ముగించావు. నాలుగు పేజీలు రాయి. ఆమెను కలిసి, ఏ కాలు పెట్టిందో, ఎంతసేపటికి నొప్పి మొదలైందో, డ్రమ్మరు ఆమెకు కృతజ్ఞతగా ఏం సైగ చేశాడో అడిగి, వచ్చే నెలలోపు నాకు పంపు. అది ముందు చదువుతాను, మిగతావి తరువాత చూద్దాం.

ఇట్లు,
నీ అన్న