క్లాట్ తీసేశాక కూడా నాన్నగారు త్వరగా కోలుకోవడం లేదు, చికిత్సలో తేడా జరిగిందా?

మీ నాన్నగారికి 72 ఏళ్లు, బ్రెయిన్ స్ట్రోక్ (మెదడు నాళంలో రక్తం గడ్డ అడ్డుపడటం) వస్తే టైమ్‌కే తీసుకెళ్లారు, క్లాట్ మొత్తం తీసేశామన్నారు, అయినా నెల దాటాక కూడా మాట తడబడుతోంది, మనిషి అయోమయంగా ఉంటున్నారు, అదే వార్డులో ఇంకొకాయన మాత్రం నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయారు అని రాశారు. తేడా జరిగిందనే అనుకోనక్కర్లేదండి.

మా ఇంట్లో అమ్మకూ స్ట్రోక్ వచ్చింది, మేనమామకూ వచ్చింది. మామయ్యను ఆస్పత్రికి చేర్చేసరికి క్లాట్ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా ఇచ్చే నాలుగున్నర గంటల గడువు దాటిపోయింది. పెద్ద నాళంలో క్లాట్, స్కాన్ చూసి మెదడులో ఇంకా కాపాడగలిగే భాగం ఉందని క్యాథెటర్‌తో (నాళంలోకి పంపే సన్నటి గొట్టంతో) తీశారు (స్కాన్ అనుకూలంగా ఉంటే కొందరికి 24 గంటల దాకా కూడా ఇలా తీస్తారు). ఆయన మళ్లీ పొలం వెళ్తున్నారు. అమ్మకేమో ఇంజెక్షన్ త్వరగానే పడింది, దెబ్బతిన్న భాగం కూడా చిన్నదే, కానీ కోలుకోవడానికి చాలా ఎక్కువ కాలం పట్టింది. ఇదెక్కడి న్యాయం అని నేనూ న్యూరాలజిస్ట్‌ని అడిగాను.

ఆ డాక్టరుగారు మా అమ్మ ఎమ్మారై తెరిచి, స్ట్రోక్ వచ్చిన చోటు వదిలేసి, మెదడు మధ్యలో నీటి గదుల చుట్టూ ఉన్న తెల్ల మచ్చలు చూపించారు. రిపోర్టు చివర్లో 'క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ ఛేంజెస్' (సన్నటి నాళాలు పాడై వచ్చిన పాత మార్పులు), 'అట్రోఫీ' (మెదడు కుంచించుకుపోవడం), 'ఫజెకాస్ గ్రేడ్' (ఆ తెల్ల మచ్చలు ఎంత ఉన్నాయో చెప్పే కొలత) లాంటి మాటలు ఉంటాయి చూడండి, ఎవరూ చదవని లైన్లు, అసలు విషయం అక్కడే ఉంది. ఈ మచ్చలు అరవై దాటిన చాలామందిలో కొద్దిగా ఉంటాయి, అంతమాత్రాన కంగారు లేదు. ఏళ్ల తరబడి బీపీ, షుగర్, సిగరెట్ వల్ల మెదడు లోపలి సన్నటి నాళాలు పాడైతే మాత్రం అవి పెరుగుతాయి. క్లాట్ తీస్తే తెరుచుకునేది పెద్ద నాళమే, ఈ సన్నటివాటిని అది బాగుచేయదు. స్ట్రోక్ తర్వాత చచ్చిపోయిన భాగం పనిని మిగతా మెదడు అందుకోవాలి, ఆ భాగాలను కలిపే తీగలే ముందుగా దెబ్బతిని ఉంటే ఆలస్యం తప్పదు. మెయిన్ రోడ్డు మూసేసిన రోజు సందుల్లోంచి వెళ్దామంటే అక్కడా గుంతలే అన్నట్టు.

అలాగని చికిత్స దండగైందని కాదు, మచ్చలున్నవాళ్లకీ క్లాట్ తీయడం వల్ల మేలే, చేయకపోతే ఇంకా ఘోరంగా ఉండే అవకాశమే ఎక్కువ. మచ్చలు బాగా ఎక్కువుంటే ఇంజెక్షన్ తర్వాత రక్తస్రావం రిస్క్ కొంచెం పెరుగుతుంది, అది డాక్టర్లు లెక్కేసుకునే ఇస్తారు.

రివ్యూకి వెళ్లినప్పుడు స్ట్రోక్‌కి ముందే మెదడు ఎలా ఉందో, ఈ మచ్చలు ఎంత ఉన్నాయో సూటిగా అడగండి. స్ట్రోక్‌కి ముందే మందులు వేసుకున్నారో లేదో మర్చిపోవడం, డబ్బు లెక్కల్లో తికమక, నడక నెమ్మదించడం లాంటివి ఉంటే అవి కూడా చెప్పండి, మనం 'వయసు కదా' అని వదిలేస్తాం గానీ వాళ్లకి అది చాలా పెద్ద క్లూ. స్పీచ్ థెరపీ తెలుగులో చేసేవాళ్లని వెతకండి. కళ్లజోడు, వినికిడి మెషిన్ ఉంటే పెట్టే ఉంచండి, అయోమయం తగ్గడానికి అదీ ఉపయోగమే. ఊరికే ఏడుస్తున్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా చెప్పండి, స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ మామూలే, మందులున్నాయి. మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా కనిపిస్తుంది, ఆ తర్వాత కూడా ఆగదు, అమ్మ విషయంలో అలాగే జరిగింది.

పావురం రక్తం రాయమని చుట్టాలు ఫోన్లు చేస్తారు, మాకూ చేశారు, సరేనని ఫోన్ పెట్టేయండి. ఆ డబ్బుతో బీపీ మెషిన్ కొని రోజూ చూసి పుస్తకంలో రాయండి, ఎందుకంటే ఇప్పుడు ఆ సన్నటి నాళాల కోసం మన చేతిలో ఉన్నది ముఖ్యంగా అదే.