దున్నపోతు వీర్యకణాల ప్రొటీన్ల అధ్యయనానికి ఫ్రోజెన్ స్ట్రాలు సరిపోతాయా?

ముర్రా దున్నపోతుల వీర్యకణాల్లోని ప్రొటీన్లను మాస్ స్పెక్ట్రోమెట్రీతో (అణువుల బరువును బట్టి వాటిని గుర్తించే పద్ధతితో) పరిశీలించి పీజీ థీసిస్ చేయాలనుకుంటున్నారనీ, కృత్రిమ గర్భధారణకు వాడే ఫ్రోజెన్ స్ట్రాలే (వీర్యాన్ని నింపి గడ్డకట్టించిన సన్నని గొట్టాలే) అందుకు సరిపోతాయా అనీ మీరు అడిగారు. కొన్నేళ్లపాటు ఇదే పని చేసినవాడిగా నా సలహా ఏమిటంటే, వీలైనంతవరకు తాజా వీర్యంతోనే మొదలుపెట్టండి. స్ట్రాలతో ఈ పని అసాధ్యమేమీ కాదు గాని, కనబడిన ప్రొటీన్లలో వీర్యకణానివి ఏవో, నిల్వ ద్రావణంలో కలిపిన కోడిగుడ్డువి ఏవో తేల్చుకోవడానికే మీ సమయం చాలావరకు ఖర్చయిపోతుంది.

పరిపక్వ వీర్యకణంలో డీఎన్‌ఏ గట్టిగా బిగిసి ఉంటుంది కాబట్టి కొత్త ఆర్‌ఎన్‌ఏ, కొత్త ప్రొటీన్లు దాదాపుగా తయారు కావు. వృషణంలో ఏర్పడినవి, వృషణాన్ని అంటి ఉండే ఎపిడిడిమిస్ నాళం గుండా సాగేటప్పుడు చేరినవి, స్ఖలన సమయంలో శుక్రద్రవం నుంచి అంటుకున్నవి మాత్రమే దాని దగ్గర ఉంటాయి. (శుక్రద్రవాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆంబోతు శుక్రద్రవంలో బ్యాక్టీరియాను అడ్డుకునే సెమినల్‌ప్లాస్మిన్ అనే ప్రొటీన్‌ను 1979లో ప్రపంచానికి పరిచయం చేసింది హైదరాబాద్‌లోని శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ బృందమే.) ఆంబోతుల శుక్రాశయ గ్రంథుల నుంచి వచ్చే బీఎస్‌పీ (బైండర్ ఆఫ్ స్పెర్మ్) ప్రొటీన్లు కణపొరలోని ఫాస్ఫోలిపిడ్లకు అతుక్కుంటాయి, వాటి సాంగత్యం ఎక్కువసేపు కొనసాగితే అవి పొరలోని కొలెస్టరాల్‌ను లాగేస్తాయి. నిల్వ ద్రావణంలో కలిపే గుడ్డు పచ్చసొనలోని లైపోప్రొటీన్లు ఈ బీఎస్‌పీలను పట్టి ఉంచి పొరను కాపాడతాయి. చలికి తట్టుకోవడానికి ఇది మేలే గాని, మీ అధ్యయనానికి మాత్రం చేటు, ఎందుకంటే మీరు లెక్కపెట్టాలనుకున్న ఉపరితల ప్రొటీన్లలో కొన్ని అప్పటికే మారిపోయి ఉంటాయి.

తప్పనిసరిగా స్ట్రాలే వాడవలసి వస్తే, మన దేశంలో ఒక్కో 0.25 మి.లీ. స్ట్రాలో సుమారు 2 కోట్ల కణాలే ఉంటాయనీ, పెర్కాల్ (కణాలను సాంద్రతను బట్టి వేరుచేసే ద్రావణం) పొరల మీదుగా సెంట్రిఫ్యూజ్ చేశాక వాటిలో కొంత భాగమే అడుగున దిగుతుందనీ గుర్తుంచుకొని, ఒకే దున్నపోతు స్ట్రాలను అనేకం కలిపి వాడండి. పచ్చసొన మడ్డి పై పొరల దగ్గరే ఆగిపోతుంది, అడుగున తెల్లటి చిన్న పెల్లెట్ మిగులుతుంది. ఆ పెల్లెట్‌ను బీఎస్‌ఏ (పశువుల రక్తం నుంచి తీసే అల్బుమిన్ ప్రొటీన్) లేని బఫర్‌తోనే కడగాలి, లేకపోతే ఆ అల్బుమిన్ మిగతా ప్రొటీన్లన్నిటినీ కప్పేస్తుంది. యంత్రం చూపిన ముక్కలు ఏ ప్రొటీన్లవో తేల్చే డేటాబేస్ వెతుకులాటలో గేదె సీక్వెన్సులతోపాటు కోడి ప్రొటీన్ల సీక్వెన్సులను కూడా తప్పక చేర్చండి. అవి లేకపోతే పచ్చసొన పెప్టైడ్లు (ప్రొటీన్ ముక్కలు) గేదె ప్రొటీన్ల పేరు మీద నమోదయ్యే ప్రమాదం ఉంది.

తాజా వీర్యంలోనూ తెల్ల రక్తకణాల బెడద ఉంటుంది. సైటోప్లాజమ్‌ను దాదాపు మొత్తం వదిలించుకున్న వీర్యకణం ముందు ఒక్క తెల్ల రక్తకణంలో ఉండే ప్రొటీన్ రాశి చాలా పెద్దది కాబట్టి, కొద్దిపాటి కలుషితం కూడా జాబితాను తారుమారు చేస్తుంది. మేము ప్రతి నమూనానూ మైక్రోస్కోపు కింద చూసి, ఆపైన తెల్ల రక్తకణాల గుర్తుగా ఉండే సీడీ45 ప్రొటీన్ కోసం వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీతో ఒక ప్రొటీన్‌ను పట్టే పరీక్ష) చేసి, బ్యాండ్ కనబడినవాటిని పక్కన పెట్టేవాళ్లం. ఈ దశను దాటవేసిన జాబితాను, అందులో ఎన్ని వేల ప్రొటీన్లున్నా సరే, నేను నమ్మను.

కణాలను కరిగించేటప్పుడు చూడదగ్గ విషయం ఒకటుంది. ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ఒక్కటే వేస్తే తోకలు, పొరలు కరిగిపోతాయి గాని తలలు అలాగే నిలిచి ఉంటాయి, ఎందుకంటే లోపల డీఎన్‌ఏను బిగించి ఉంచే ప్రొటమిన్లు అనే ప్రొటీన్లు డైసల్ఫైడ్ బంధాలతో ఒకదానికొకటి బిగిసి ఉంటాయి. ఆ బంధాలను తెంచే డీటీటీ చేర్చగానే తలలు ఉబ్బి విచ్చుకుంటాయి, విడుదలైన డీఎన్‌ఏ వల్ల ద్రావణం బెల్లంపాకంలా పిపెట్‌తో తీగ సాగుతుంది. అప్పుడు సోనికేషన్ (ధ్వని తరంగాలతో డీఎన్‌ఏను ముక్కలు చేయడం) చేయక తప్పదు. ఇంత శ్రమపడినా, 1874లో శాస్త్రవేత్త మీషర్ సాల్మన్ చేప వీర్యంలో కనుగొన్న ఈ ప్రొటమిన్లు మీ ఫలితాల్లో సరిగా కనబడవు. వాటిలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం విపరీతంగా ఉండటం, ప్రొటీన్లను ముక్కలు చేయడానికి వాడే ట్రిప్సిన్ ఎంజైమ్ ప్రతి ఆర్జినిన్ తర్వాతా కోయడం వల్ల మిగిలే ముక్కలు యంత్రం గుర్తించలేనంత చిన్నవవుతాయి. వాటికి యాసిడ్‌తో వేరుచేసి, యాసిడ్-యూరియా జెల్ మీద నడిపే పాత పద్ధతే ఇప్పటికీ మేలు.

ఇక ప్రశ్న ఎంపిక విషయానికి వస్తే, "దున్నపోతు వీర్యకణంలో ఏయే ప్రొటీన్లున్నాయి" అన్నది థీసిస్‌కు మరీ వదులైన ప్రశ్న. 2014లో ఫ్లెక్‌వీ జాతి ఆంబోతుల్లో టీఎంఈఎం95 అనే ప్రొటీన్ లోపం బయటపడింది: వాటి కణాల చలనం, ఆకారం మామూలుగానే ఉన్నా, గర్భధారణ చేయించిన ఆవులు దాదాపుగా చూడి కట్టలేదు. వీర్యకణం అండంతో కలిసిపోవడానికి ఆ ప్రొటీన్ అవసరమని తర్వాతి పరిశోధనలు నిర్ధారించాయి. మామూలు వీర్య పరీక్షకు చిక్కని ఇటువంటి తేడాలను వెతకడమే ప్రొటీన్ అధ్యయనానికి తగిన పని అని నా అభిప్రాయం. అయితే ఎక్కువ చూడి శాతం ఉన్న దున్నలనూ తక్కువ ఉన్నవాటినీ పోల్చదలిస్తే, ఒక్కో దున్నకు వందల గర్భధారణల లెక్క ఉండాలి, వీర్యం ఒకే కాలంలో సేకరించి ఉండాలి. వేసవి నమూనానూ చలికాలపు నమూనానూ పక్కపక్కన పెడితే మీకు కనబడేది ఎండ ప్రభావమో, దున్న లక్షణమో విడదీయలేరు.

తేడా చూపిన ప్రొటీన్లను వెస్టర్న్ బ్లాట్‌తో నిర్ధారించుకునేందుకు యాంటీబాడీ కొనేముందు, దాన్ని ఏ పెప్టైడ్‌తో తయారుచేశారో అడిగి, ఆ భాగాన్ని గేదె సీక్వెన్సుతో సరిపోల్చండి. మార్కెట్లో దొరికేవి ఎక్కువగా మనిషి, ఎలుక ప్రొటీన్లను ఉద్దేశించి చేసినవే.