రెక్క చివర బయటికి తిరిగిన పెద్దబాతు పిల్ల: సమాధానం

అయిదు వారాల పిల్లకు ఎడమ రెక్క చివర పక్కకు పొడుచుకొచ్చింది, విరిగిందా అని అడిగారు. వాపు లేదు, ముట్టుకుంటే అరవడం లేదు అన్నారు కాబట్టి విరిగి ఉండకపోవచ్చండీ. ఇది ఏంజెల్ వింగ్ లా ఉంది, అంటే రెక్క చివరి కీలు మెలితిరిగి ఈకలు బయటికి పొడుచుకొచ్చే లోపం. హంసపిల్లల్లోనూ వస్తుంది. కొత్త ఈకల గొట్టాల నిండా రక్తం ఉంటుంది, బరువెక్కువ. పిల్ల మరీ వేగంగా పెరిగితే లేత మణికట్టు కీలు ఆ బరువు మోయలేక మెలితిరుగుతుంది.

ఈరోజే కట్టు కట్టండి, ఎముక గట్టిపడితే కట్టుతో పని జరగదు. రెక్కను మామూలుగా ముడుచుకునే తీరులోనే మడిచి, తనకు తానే అతుక్కునే సాగే బ్యాండేజీని రెక్క చుట్టూ మాత్రమే వదులుగా చుట్టండి. చాలామంది ఒంటికి కలిపి బిగించేస్తారు, అది ప్రమాదం: పక్షికి రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. రోజూ ఒకసారి విప్పి, కాసేపు రెక్క చాపనిచ్చి మళ్లీ కట్టండి. లేకపోతే కీలు బిగుసుకుపోతుంది. మూడు నుంచి అయిదు రోజుల్లో తేడా కనిపించాలి. ఈకల మొదళ్లు నలిగితే రక్తం కారుతుంది, జాగ్రత్త.

కట్టు ఒక్కటే చాలదు. మీరు పెడుతున్న 22 శాతం ప్రోటీన్ దాణా ఈ వయసుకు ఎక్కువ. 14–16 శాతానికి దించండి, బ్రెడ్ పూర్తిగా మానేయండి, పగలంతా పచ్చగడ్డిలో మేయనివ్వండి. కట్టు ఉన్నన్నాళ్లూ ఈతకు వదలొద్దు.

సరికాకపోయినా ప్రాణభయం లేదు, ఎగరలేదంతే.