కొరియా నాచు, థైరాయిడ్ మాత్ర, చైనా గ్రాస్: ఈ నెల మీ ప్రశ్నలు

ప్రశ్న: మేడం, మా పాప ఇంటర్ చదువుతోంది. కొరియా సీరియళ్లు చూసీ చూసీ ఎండు సముద్ర నాచు ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటోంది. అన్నం, పప్పు సరిగ్గా తినదు. ఏమన్నా అంటే ‘ఇందులో 40 శాతం ప్రొటీన్ ఉందమ్మా’ అని ఫోన్ చూపిస్తుంది. నల్లకాగితంలా ఉండే దాంట్లో అంత బలం ఉంటుందా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: పాప అబద్ధమేమీ చెప్పడం లేదమ్మా, లెక్క సగంలో ఆపేస్తోంది, అంతే. ఆ కాగితం లాంటిదాన్ని జపాన్ వాళ్లు నోరి అంటారు, కొరియా వాళ్లు కిమ్ అంటారు. ఎండిన నోరిలో 100 గ్రాములకు 30 నుంచి 45 గ్రాముల దాకా ప్రొటీన్ ఉండేది నిజమే, మన కందిపప్పులో కూడా అంత ఉండదు. కానీ 100 గ్రాముల నోరి ఒక పూటలో ఎవరు తింటారు చెప్పండి? పెద్ద షీటు ఒకటి తూస్తే రెండున్నర, మూడు గ్రాములు ఉంటుంది. అదంతా నమిలి మింగితే ఒంటికి దక్కేది దాదాపు ఒక గ్రాము ప్రొటీన్. అదే 30 గ్రాముల చెనక్కాయ గింజలు, అంటే ఒక గుప్పెడు, తింటే 7 గ్రాములు వస్తుంది. ఆ ప్యాకెట్ డబ్బుకు ఎన్ని గింజలు వస్తాయో మన సీమలో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

కాల్షియం సంగతీ ఇంతే. వకామే అని సూపుల్లో వేసే ఇంకో రకం నాచు ఉంది, ఎండినప్పుడు 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది, రాగుల్లో అయితే 364 మాత్రమే. చదవగానే రాగి ఓడిపోయింది అనిపిస్తుంది. గిన్నెడు సూపులో వేసే ఎండు వకామే రెండు మూడు గ్రాములే కాబట్టి వచ్చేది పాతిక మిల్లీగ్రాములు, 50 గ్రాముల రాగిపిండి పడిన సంగటి ముద్దలో 180. ఐరన్, విటమిన్ల గురించి ప్యాకెట్ వెనక ఏం రాసి ఉన్నా ముందు ఈ గ్రాముల లెక్క వేయమనండి. ఇందులో పీచు బాగానే ఉంటుంది, ఎండు బరువులో దాదాపు మూడో వంతు, అయితే అది కూడా తిన్న గ్రాములను బట్టే కదా.

మరి తినొద్దా అంటే, శుభ్రంగా తినొచ్చు. రుచికి తినాలి. నాచులో ఒక రకం కమ్మదనం ఉంటుంది, 1908లో కికునే ఇకెడా అనే జపాన్ శాస్త్రవేత్త కొంబు నాచు మరిగించిన నీళ్ల నుంచి ఆ రుచికి కారణమైన గ్లుటమేట్‌ను విడదీశాడు, ఇప్పుడు నూడుల్స్ బండి మీద చల్లే అజినోమోటో పుట్టింది అక్కడే. చిరుతిండి ప్యాకెట్లలో ఉప్పు, నూనె పట్టించి వేయిస్తారు, అది ఒకసారి చూసుకోండి. పప్పన్నం తిన్నాక రెండు ముక్కలు నంజుకుంటే టెన్షన్ పడాల్సిందేమీ లేదు. అన్నానికి బదులు మాత్రం ఒప్పుకోకండి.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, హైపోథైరాయిడ్ ఉంది, రోజూ పొద్దున మాత్ర వేసుకుంటాను. కెల్ప్ పొడి రోజుకో స్పూను తాగితే మాత్ర మానేయొచ్చని మా వాట్సాప్ గ్రూపులో ఒకరు పెట్టారు. సముద్ర నాచే కదా, సహజమైనదే కదా, వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వద్దండి. దయచేసి మాత్ర ఆపకండి. గ్రాముల లెక్కలో నాచు తేలిపోతుంది అని పైన చెప్పాను కదా, ఒక్క అయోడిన్ విషయంలో మాత్రం కథ మొత్తం తిరగబడుతుంది, అక్కడ ఒక్క గ్రాము కూడా చాలా ఎక్కువ.

పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. పైన చెప్పిన నోరిలో గ్రాముకు 16 నుంచి 40 దాకా ఉంటుంది, పర్వాలేదు. కెల్ప్ అనేది గోధుమ రంగు నాచు, కొంబు కూడా ఆ జాతిదే, వాటిలో గ్రాముకు వెయ్యి, రెండు వేల మైక్రోగ్రాములు ఉండటం మామూలే. స్పూను పొడి అంటే ఎన్ని గ్రాములో, ఎన్ని రోజుల అయోడిన్ ఒక్క గుక్కలో లోపలికి పోతుందో మీరే వేసుకోండి. పైగా ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ పొంతన ఉండదు. కొంబును ఉడికించి నీళ్లు పారబోస్తే అయోడిన్ చాలావరకు ఆ నీళ్లతో పోతుంది, పొడిగా తాగితే ఎక్కడికీ పోదు.

అయోడిన్ తక్కువైతే థైరాయిడ్ మందగిస్తుందని అందరికీ తెలుసు, ఎక్కువైనా మందగిస్తుందని చాలామందికి తెలియదు. కొందరిలో ఉన్నట్టుండి అతిగా పనిచేయడం మొదలుపెట్టి గుండెదడ పట్టుకుంటుంది. అయోడిన్ లోటుతో గొంతు దగ్గర వచ్చే వాపును గాయిటర్ అంటారు, దాన్ని అరికట్టడానికి కేంద్రం 1962లోనే కార్యక్రమం మొదలుపెట్టింది, ఇప్పుడు మనం కొనే అయోడిన్ ఉప్పులో గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలని చట్టమే ఉంది. అయోడిన్ ఉప్పు వాడే ఇళ్లలో హైపోథైరాయిడ్ వచ్చిందంటే చాలాసార్లు కారణం అయోడిన్ లోటు కాదు, మన రోగనిరోధక శక్తే థైరాయిడ్ గ్రంథి మీద పడటం. దానికి ఇంకా అయోడిన్ పోస్తే తగ్గదు సరికదా పెరగొచ్చు. (రాళ్ల ఉప్పు, పింక్ సాల్ట్ ఫ్యాషన్ అని అయోడిన్ ఉప్పు మానేసి, అదే అయోడిన్ కోసం విదేశీ నాచు కొనేవాళ్లను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.)

మీ ఇంట్లో గర్భిణులు, బాలింతలు ఉంటే వాళ్లకూ ఈ పొడి ఇవ్వకండి. కొరియాలో బాలింతలకు నాచు సూపు పెట్టడం ఆచారమే, కానీ మోతాదు మించితే అయోడిన్ పాల ద్వారా బిడ్డకు చేరి పసిబిడ్డ థైరాయిడ్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇందులోని పొటాషియం ఇంకో సమస్య. హిజికి అని నల్లగా పుల్లల్లా ఉండే రకం ఎక్కడైనా కనిపిస్తే అసలు కొనకండి, అందులో ఆర్సెనిక్ ఎక్కువని బ్రిటన్ ఆహార భద్రతా సంస్థ తినొద్దనే చెప్పింది.

ప్రశ్న: మేము గుడ్డు కూడా తినం. నాకు బి12 తక్కువ ఉందని రిపోర్టు వచ్చింది. నాచులో బి12 ఉంటుందట కదా, స్పిరులినా మాత్రలైనా సరిపోతాయా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: నోరిలో బి12 ఉన్న మాట నిజం, శాకాహారంలో అది చాలా అరుదు కూడా. కానీ ఎండబెట్టడంలో కొంత పనికిరాని రూపంలోకి మారుతుందని కొన్ని పరిశోధనలు, బాగానే పనిచేస్తుందని మరికొన్ని చెబుతున్నాయి, బి12 లోటుతో నరాలు దెబ్బతింటాయి, ఆ తగువు తేలేదాకా అవి ఆగవు కదా. స్పిరులినా అసలు సముద్ర నాచే కాదు, చౌడు నీళ్లలో పెరిగే సూక్ష్మజీవి, దాంట్లో బి12 అని చూపించేదాంట్లో ఎక్కువ భాగం మన ఒంటికి పనిచేయని నకలు. ఇంకో చిక్కేంటంటే రక్తపరీక్షలో ఆ నకలు కూడా కలిసిపోయి అంకె బాగున్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. పాలు, పెరుగు రోజూ తీసుకోండి, లోటు రిపోర్టులో తేలింది కాబట్టి డాక్టర్ రాసిన బి12 మాత్రో ఇంజెక్షనో వేసుకోండి.

ప్రశ్న: రంజాన్‌లో పాలల్లో వేసి చేసే చైనా గ్రాస్ కూడా నాచేనని మా కోడలు అంటోంది. ఎముకలతో చేస్తారని నేననుకున్నా. బలమేనా?
– ఒక అమ్మ, కర్నూలు పాతబస్తీ

జవాబు: కోడలి మాటే కరెక్టమ్మా. ఎముకలు, తోలు నుంచి తీసేది జెలటిన్. చైనా గ్రాస్ ఎర్రనాచు నుంచి తీసిన అగర్. తమిళనాడులో రామేశ్వరం, మండపం వైపు ఆడవాళ్లు సముద్రంలో మునిగి ఇలాంటి నాచు కోసుకొస్తారు, మన దేశంలో నాచు చాలావరకు కంచాల్లోకి కాకుండా ఇలా ఫ్యాక్టరీలకే పోతుంది. బలం మాత్రం మీరు పోసే పాలదే, అగర్ దాదాపు ఉత్త పీచు. ఒక్క జాగ్రత్త, పొడిని ఉడికించకుండా ఎవరికీ మింగించకండి, గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది.