స్కూల్లో మామూలు స్విచ్ చాలదా, మేనేజ్డ్ స్విచ్ కొనాల్సిందేనా?

ల్యాబ్, ఆఫీసు, పది కెమెరాలు, వైఫై అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద ఉన్నాయని, మామూలు స్విచ్‌తో సరిపెట్టుకోవచ్చా అని అడిగారు. నెట్‌వర్క్ కేబుళ్లన్నిటినీ కలిపే పెట్టే స్విచ్, అందులో సెట్టింగ్స్ మార్చుకునే వీలుంటే అది మేనేజ్డ్. ఇంటికైతే మేనేజ్డ్ వద్దనే చెప్పేవాణ్ని. మీకు మాత్రం కొనమంటాను. నేనొక కాలేజీ, దాని హాస్టల్ నెట్‌వర్క్ చూసుకుంటాను కాబట్టి ఆ అనుభవంతో రాస్తున్నా.

అమ్మేవాళ్లు ముందు వీల్యాన్ గురించి, అంటే ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్క్‌లుగా విడగొట్టడం గురించి చెబుతారు. అది కావాల్సిందే. కెమెరాలు, వాటి రికార్డర్ ఒక వీల్యాన్‌లో, పిల్లల ల్యాబ్ ఒకదాంట్లో, ఫీజుల కంప్యూటర్లు ఇంకోదాంట్లో పెడితే ఒకరి జోలికి ఒకరు రారు. అయితే వాటి మధ్య రాకపోకలకు రూటర్ గానీ, రూటర్ పని కూడా చేసే లేయర్ 3 స్విచ్ గానీ ఉండాలి. ఇది కొనేముందే చూసుకోండి.

నాకైతే అంతకంటే పనికొచ్చింది, తేడా ఏ పోర్టులో ఉందో స్విచ్చే చూపించడం. ఒకసారి హాస్టల్లో ఒక ఫ్లోర్ మొత్తం నెట్ పోయింది. వైఫై సిగ్నల్ ఫుల్లుగా ఉంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఒక ల్యాప్‌టాప్‌లో ఐపీ (నెట్‌వర్క్‌లో దానికిచ్చే నంబరు) చూస్తే 192.168.0తో మొదలైంది, మావి 10తో మొదలవ్వాలి. ఎవరో ఇంటి రూటర్ తెచ్చి, బయటి నెట్ వచ్చే వ్యాన్ పోర్టు బదులు లోపలి పరికరాలకిచ్చే ల్యాన్ పోర్టులో కేబుల్ పెట్టారు. అది అందరికీ తన ఐపీలు పంచేస్తోంది! ఆ రూటర్ మ్యాక్ అడ్రస్‌ను (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) స్విచ్ టేబుల్లో వెతికితే పోర్టు, దాన్నిబట్టి గది తెలిసిపోయాయి. తలుపులు కొట్టుకుంటూ తిరిగే పని తప్పింది. తర్వాత డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టాం. ఇప్పుడు అప్‌లింక్ పోర్టు (మెయిన్ నెట్‌వర్క్‌కి కలిపేది) నుంచి తప్ప ఇంకెక్కడి నుంచి ఐపీలు పంచినా స్విచ్ ఆపేస్తుంది.

లూప్ ప్రొటెక్షన్ కూడా ఆన్ చేయండి. ల్యాబ్ ఊడ్చేటప్పుడు ఊడిన కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో పెట్టేస్తే, మామూలు స్విచ్‌లో లైట్లన్నీ ఒకేసారి టపటపా కొట్టుకుంటూ నెట్‌వర్క్ మొత్తం పడిపోతుంది.

పోర్టు స్పీడ్ మీద కూడా ఓ కన్నేయండి. గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) కేబుల్లో నాలుగు జతల తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు చాలు. 1000 ఉండాల్సిన చోట 100 కనబడితే ముందు క్రింపింగ్‌నే, అంటే కేబుల్ కొసకు కనెక్టర్ బిగించిన తీరునే అనుమానించండి.

కెమెరాలకు పీవోఈ (నెట్‌వర్క్ కేబుల్లోంచే కరెంటు ఇచ్చే) మోడల్ తీసుకుంటే, పోర్టుల సంఖ్య చూసి మోసపోవద్దు. స్విచ్ మొత్తం ఎన్ని వాట్లు ఇవ్వగలదో చూడండి. పీవోఈలో 802.3ఏఎఫ్ రకం పోర్టు 15.4 వాట్ల దాకా, 802.3ఏటీ రకమైతే 30 దాకా ఇస్తుంది. అన్ని పోర్టులకూ ఒకేసారి అంత ఇచ్చే శక్తి చాలా స్విచ్‌లకు ఉండదు. పగలంతా బాగానే ఉండి, చీకటి పడి, రాత్రి చూపు కోసం ఉండే ఐఆర్ లైట్లు వెలగ్గానే రీస్టార్ట్ అయ్యే కెమెరాలను చూశాను. కెమెరా హ్యాంగైతే మాత్రం నిచ్చెన ఎక్కక్కర్లేదు, బ్రౌజర్లోంచి ఆ పోర్టుకి పవర్ ఆపి మళ్లీ ఇస్తే సరి.

రూటింగ్ ప్రోటోకాల్స్, స్టాకింగ్ వంటివి మీకు దండగ. బ్రౌజర్లో సెట్ చేసుకునే వెబ్ స్మార్ట్ రకం చాలు, కాకపోతే పైన చెప్పినవన్నీ అందులో ఉన్నాయో లేదో స్పెక్స్‌లో చూసుకోండి. కొన్నాక మొదట పాస్‌వర్డ్ మార్చండి. చాలా మోడళ్లలో అప్లై వేరు, సేవ్ వేరు. సేవ్ కొట్టకపోతే ఒక్కసారి కరెంటు పోయి వచ్చేసరికి పెట్టిన వీల్యాన్‌లన్నీ ఎగిరిపోతాయి.