చీటీ పాడకండి, ముందు డాక్టరుకు చూపించండి

గుంటూరు నుంచి ఒక తల్లి ప్రశ్న: ఇంటర్ చదివే మా అమ్మాయికి కనురెప్ప మీద, వేళ్ల కొసల మీద తెల్లమచ్చలు వచ్చాయి. బొల్లి అన్నారు. ఒక సెంటర్ వాళ్లు ఆర్నెల్లలో గ్యారంటీగా తగ్గిస్తాం, ప్యాకేజీ 60 వేలు ముందే కట్టాలంటున్నారు. మావారు మిర్చి యార్డులో గుమస్తా. నేను జాకెట్లు కుడతాను. 2 లక్షల చీటీ ఈ నెలే పాడుకుని కట్టేయమంటారా?

జవాబు: వద్దమ్మా. ఇంత తొందరగా పాడితే పాటలోనే పెద్ద మొత్తం పోతుంది. అది మందుకు పోదు, మచ్చకు పోదు, ఊరికే పోతుంది.

బొల్లికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. మొహం మీది మచ్చలు చాలామందిలో వైద్యానికి బాగానే లొంగుతాయి, వేళ్ల కొసలవి మొండివి. రెండింటికీ ఒకే గ్యారంటీ, ఒకే గడువు చెప్పారంటే అక్కడే అనుమానించాలి. ఇలాంటి ప్యాకేజీ రసీదు ఒకటి నా దగ్గరికి వచ్చింది. నాలుగు మడతలు పెట్టి, చీర కొంగున ముడేసుకుని తెచ్చారావిడ. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ‘కట్టిన సొమ్ము వాపసు ఇవ్వబడదు’ అని ఉంది. మూడో నెలలో ఆవిడ వైద్యం మానేశారు, డబ్బు రాలేదు. ఆ రసీదు గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ముందు సరైన డాక్టరు కావాలి. బోర్డు మీద ‘స్కిన్ స్పెషలిస్ట్’ అని ఉంటే చాలదు. ఎం.డి. డి.వి.ఎల్. (చర్మవ్యాధుల పీజీ) లేదా డి.డి.వి.ఎల్. (అదే విభాగంలో డిప్లొమా) చదివారా అన్నది చూడండి. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులో డాక్టరు పేరు కొడితే రిజిస్ట్రేషన్ తెలుస్తుంది. మీకు గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో చర్మవ్యాధుల ఓపీ ఉంది, మంగళగిరి ఎయిమ్స్ దగ్గరే. అక్కడ చూపించి, థైరాయిడ్ పరీక్ష కూడా అవసరమా అని అడగండి. బొల్లి ఉన్నవాళ్లలో కొందరికి ఆ తేడా కూడా ఉంటుంది.

ఇక అసలు లెక్క. పూతమందుతో పాటు లైట్ ట్రీట్‌మెంట్ రాస్తే వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి, నెలల తరబడి. వారానికి రెండు అనుకున్నా ఆర్నెల్లకు 52 సిట్టింగులు. ఒక్కోటి 300 అనుకుంటే 15,600. రానుపోను ఆటో 100 అయితే మరో 5,200. మీరు వెంట వెళ్లినప్పుడల్లా ఆగిపోయే కుట్టుపని దీనికి అదనం. అందుకే ఊళ్లోనే, కాలేజీ అయ్యాక వెళ్లగలిగే చోటు ఎంచుకోండి. దూరం అయితే నాలుగు వారాలకే మానేస్తారు, అప్పటిదాకా పెట్టిందంతా వృథా. ఏ సిట్టింగుకు ఆ సిట్టింగుకే డబ్బు కట్టండి. అలా చేస్తే నెలకు మూడున్నర వేలు, మందులు వేరు. చీటీ వాయిదా ఆగకుండా ఇది మీ రాబడిలోంచే సర్దగలరు.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. చాలా పాలసీలు ఓపీ ఖర్చు ఇవ్వవు.

‘పెళ్లి నాటికి పోవాలి’ అని కూడా రాశారు. ఆ భయమే మీ చేత 60 వేలు కట్టిస్తోందమ్మా. ఇది అంటురోగం కాదు, అమ్మాయి తప్పూ కాదు. ఆ మాట ముందు తనకు చెప్పండి. డాక్టరు రాసిన మందుల చీటీ, సిట్టింగ్ రేటు నాకు పంపండి. మీ ఇంటి ఖర్చులతో కలిపి నెలవారీ లెక్క వేసిస్తాను.