అద్దకం, కుట్టు, చిన్న బొంత: మీ ప్రశ్నలకు జవాబులు

స్టెన్సిల్‌తోనూ (బొమ్మ ఆకారం కోసి తీసిన కాగితం లేదా అట్ట), సొంతంగా చెక్కుకున్న అచ్చులతోనూ బట్టమీద రంగులద్ది, నడుమ పలుచగా దూది పరిచి, చేత్తో కుట్టి గోడకు తగిలించుకునే చిన్న బొంతల గురించి గత సంచికలో ఈ శీర్షిక కింద రాశాము. అడుగు పొడవు, అడుగు వెడల్పు దాటని పనే కదా అని మొదలుపెట్టిన చాలామంది ఉత్తరాలు రాశారు. డిజైను కుదరలేదన్నవారు తక్కువ. రంగు కారిందనీ, ఉతికితే పోయిందనీ, బట్ట అట్టలా బిగుసుకుపోయి సూది దిగడం లేదనీ రాసినవారే ఎక్కువ. కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాము.

ప్రశ్న: కొత్త తెల్ల పాప్లిన్ మీద రబ్బరు అచ్చుతో ఆకులు అద్దాను. డబ్బా మీద చెప్పినట్టే ఆరబెట్టి ఇస్త్రీ కూడా చేశాను. అయినా మొదటి ఉతుకులోనే సగం రంగు పోయింది. రంగు నాసిరకమా? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రంగును తప్పుపట్టే ముందు బట్టను చూడండి. కొట్టులో మడత విప్పిన కొత్త బట్టకు గంజి, మెరుగు పూసి ఉంటాయి. మీరు అద్దిన రంగు నూలును పట్టుకోకుండా ఆ గంజి పొరమీదే కూర్చుంటుంది, నీళ్లలో గంజి కరిగినప్పుడు దానితోపాటే రంగూ వెళ్లిపోతుంది. పరీక్ష చాలా సులువు. బట్టమీద ఒక నీటిచుక్క వేయండి. చుక్క వెంటనే ఇంకితే బట్ట సిద్ధంగా ఉన్నట్టు. ముత్యంలా నిలబడితే ఇంకా ఉతకాలి. వేడినీళ్లలో సబ్బుపొడి, కొద్దిగా చాకలిసోడా వేసి నానబెట్టి, బాగా జాడించి, గంజిగానీ మెత్తదనం కోసం వాడే ద్రవాలుగానీ పెట్టకుండా ఆరవేయాలి. ఈ పాఠం నేను నేర్చుకున్నదీ నష్టపోయాకే: అక్క కూతురి సీమంతానికని పన్నెండు చేతిగుడ్డల మీద తామరమొగ్గలు అద్ది, తీరా అవి ఉతికాక తెల్లగుడ్డలే మిగిలితే, పసుపు కుంకుమలతో పాటు వాటినే పెట్టి పంపాను.

పాత నూలు చీర ఉంటే ఇంకా మంచిది. ఏళ్ల తరబడి ఉతుకులు తిన్న చీరలో గంజి ఆనవాలు కూడా మిగలదు, రంగును ఇట్టే పీల్చుకుంటుంది. అయితే వెలుతురుకు ఎత్తి చూసి, పోగులు పలచబడిన చోటును వదిలేయండి. ఇస్త్రీ విషయంలో కూడా ఒక మాట. అద్దిన తరువాత ఒక రోజంతా ఆరనిచ్చి, ఆవిరి లేకుండా, బట్టను తిరగేసి, నూలుకు పెట్టే వేడిమీద, ఒక్కో చోట మూడు నుంచి ఐదు నిమిషాలు పెట్టెను కదుపుతూ ఒత్తాలి. బట్టమీద వాడే రంగుల్లో వర్ణాన్ని నూలుకు పట్టి ఉంచేది అక్రిలిక్ జిగురు. వేడి తగిలితేనే అది గట్టిపడి నీళ్లకు లొంగకుండా ఉంటుంది. పైపైన ఒకసారి పెట్టె తిప్పి తీసేయడం ఇస్త్రీ అవుతుందేమో గాని, రంగు నిలబెట్టడం కాదు.

ప్రశ్న: స్టెన్సిల్‌తో నెమలి వేశాను. చూడడానికి బాగుంది గాని ఆ భాగం అట్టలా తయారైంది. చేత్తో కుట్టబోతే సూది విరిగింది. ఏం చేయాలి? (రాజమహేంద్రవరం)

జవాబు: ఆ నెమలిని ఇక కుట్టకండి, దాని చుట్టూ కుట్టండి. ఒకసారి మందంగా పూసిన రంగును పలచబరచడం సాధ్యం కాదు. పైగా రంగు పొరలో సూది చేసిన రంధ్రం మామూలు నూలులోలాగా మూసుకోదు. కుట్టు తప్పయిందని విప్పితే చుక్కల వరస అలాగే ఉండిపోతుంది.

రాబోయే పనికి రెండు జాగ్రత్తలు చెబుతాను. మొదటిది రంగు కలిపే పాళ్లు. మామూలు అక్రిలిక్ రంగు వాడుతున్నట్టయితే, బట్టకోసం అమ్మే మీడియం అనే ద్రవాన్ని అందులో కలపాలి. చాలా రకాలకు రెండు పాళ్ల రంగుకు ఒక పాలు మీడియం సరిపోతుంది, కొన్నింటికి సమపాళ్లు కావాలి కనుక సీసా మీద చూసుకోండి. నీళ్లు కలిపి పలచన చేయడం తప్పుదారి, అలా చేస్తే రంగు అంచుల కింద నుంచి పాకిపోతుంది. రెండవది, నా దృష్టిలో ముఖ్యమైనది, బొమ్మ గీసేటప్పుడే కుట్టుకు దారి వదలడం. నెమలి పింఛాన్ని ఒకే ముద్దగా నింపకుండా ఒక్కో కన్నుకూ నడుమ నూలుపోగంత సందు బట్టరంగులోనే వదిలిపెడితే, ఆ సందుల్లోంచి కుట్టు వెళుతుంది, రంగుపడిన భాగం రెండు కుట్ల మధ్య పొంగి లేస్తుంది. బొంతకూ చిత్రానికీ తేడా ఆ పొంగులోనే ఉంది; రంగు ఎక్కువై బట్ట బిగుసుకుంటే పొంగు రాదు, అప్పుడు కాగితం మీద వేసుకున్నా ఒకటే. మిషను మీద కుట్టేవారు తొంభై నంబరు సూది పెట్టి, కుట్టు కొంచెం పొడుగ్గా పెట్టుకుంటే రంగు పొర చిరగదు.

ప్రశ్న: అచ్చులు సొంతంగా చెక్కుకోవాలని ఉంది. పెడనలో వాడే కొయ్య అచ్చులలాంటివి ఇంట్లో చేయగలమా? (హనుమకొండ)

జవాబు: మచిలీపట్నం దగ్గరి పెడనలో కలంకారీ అద్దకానికి వాడే అచ్చులు టేకువి, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు, గీతకు వేరు, లోపల నింపే రంగుకు వేరు. వాటిని చెక్కేవారి చేతిలో ఉన్నది తరాల పని. కొయ్య అడ్డుకోతలో గీత వెంట్రుకవాసి పక్కకు పోయినా అచ్చు పాడవుతుంది గనుక, మొదటి ప్రయత్నానికి దానిని ఎంచుకోవద్దనే అంటాను. మీకు సరిపడేవి రబ్బరూ, నేలమీద పరిచే పలకల రకమైన లినోలియమూ. పిల్లలు చెరపడానికి వాడే పెద్ద రబ్బరు ముక్కతో మొదలుపెట్టండి, వేలెడంత ఆకు, మొగ్గ, వేపపూత దానిమీద చక్కగా వస్తాయి. అరచేతికి మించిన బొమ్మకు లినోలియం పలక మంచిది. చలికాలంలో అది బిరుసెక్కితే కాసేపు ఎండలో పెట్టండి, ఉలికి వెన్నలా లొంగుతుంది.

బొమ్మను అచ్చుమీదకు ఎక్కించడంలోనే కొత్తవారు తికమకపడతారు. పలచని కాగితం మీద మెత్తని పెన్సిలుతో బొమ్మ గీసి, గీసిన వైపు కిందికి ఉండేటట్టు రబ్బరు మీద బోర్లించి, చెంచా వీపుతో రుద్దండి. బొమ్మ తలకిందులుగా, అంటే కుడి ఎడమలు మారి దిగుతుంది, అలాగే చెక్కండి. బట్టమీద పడేసరికి మళ్లీ సరిగ్గా వస్తుంది. అక్షరాలు చెక్కేటప్పుడు ఈ సంగతి మరిచి నేరుగా రాసుకుంటే "అమ్మ" అద్దంలో చూసినట్టుంటుంది.

ఇక చెక్కడం. ఆంగ్ల వీ అక్షరం ఆకారపు సన్న ఉలితో ముందు బొమ్మ అంచు వెంబడి గీత తీయండి, తరువాత యు ఆకారపు వెడల్పు ఉలితో బయటి భాగం తొలగించండి. ఉలిని ఎప్పుడూ అవతలికే తోయాలి, రెండో చేయి దాని దారికి అడ్డురాకుండా వెనకనే ఉండాలి. వంపు వచ్చినచోట ఉలిని తిప్పకుండా అచ్చునే తిప్పితే గీత తెగకుండా వస్తుంది. మిగిల్చిన గీత పక్కగోడలు కిందికి వెడల్పయ్యేలా ఏటవాలుగా ఉండాలి. నిటారుగానో లోపలికో కోశారంటే పదిసార్లు అద్దేసరికి ఆ సన్నగీత విరిగిపోతుంది. వెడల్పుగా ఖాళీ ఉన్నచోట లోతు ఇంకొంచెం పెంచకపోతే అక్కడి గరుకు కూడా రంగు పుచ్చుకుని బట్టమీద గీతలుగా పడుతుంది. కొందరికి ఆ చెక్కుడు గుర్తులే అందంగా కనబడతాయి, నాకూ అప్పుడప్పుడూ.

అచ్చును రంగులో ముంచకండి. పళ్లెంలో స్పాంజి పరిచి, దానిమీద పలచని గుడ్డ కప్పి, రంగును ఆ గుడ్డకు పట్టించి, అచ్చును దానిమీద తాకించి తీయండి. బట్ట కింద గట్టిబల్ల ఉంటే అచ్చు మధ్యలో రంగు అంటదు. పెడన బల్లల మీద గోనెపట్టలు పొరలు పొరలుగా పరిచేది ఇందుకే. ఇంట్లో నాలుగు మడతల దుప్పటి చాలు. ఇదంతా చదివి అచ్చు చెక్కడం పెద్దపని అనిపిస్తే, ఈ సాయంత్రం కూర తరిగేటప్పుడు ఒక బెండకాయ తొడిమ కోసి అద్ది చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి పేరును తెలుగులో స్టెన్సిల్‌గా కోస్తే అక్షరాల లోపలి ముక్కలు ఊడిపోతున్నాయి. అంచుల కింద రంగు కూడా పాకుతోంది. (డాలస్)

జవాబు: మన లిపి గుండ్రనిది కాబట్టి ఈ చిక్కు మనకు కాస్త ఎక్కువ. "రంగు" అన్న మాటనే కోసి చూడండి: "ర" కడుపులోని ముక్క ఊడుతుంది, సున్న నడుమది ఊడుతుంది, "గు" మాత్రం నిలుస్తుంది. మూసుకున్న ప్రతి గుండ్రానికీ లోపలి ముక్కను బయటి కాగితంతో కలిపి ఉంచే చిన్న వంతెనలు ఒకటో రెండో వదలాలి. బియ్యం బస్తాల మీద, లారీల మీద చూసే అక్షరాల్లో మధ్యలో తెగినట్టు కనిపించే సందులు అవే. అద్దడం అయ్యాక ఆ సందులను సన్నని కుంచెతో పూడ్చుకోవచ్చు, అలాగే వదిలేసినా అందమే. జపానులో కిమోనో బట్టలకు వాడే కటగామి అనే కాగితపు స్టెన్సిళ్లలో వంతెన కనబడకూడదనుకున్నచోట పట్టుదారాలు అడ్డంగా అతికేవారు.

మీరు ఉన్నచోట వంటింటి సరుకుల కొట్టులో ఒకవైపు ప్లాస్టిక్ పూత ఉండే ఫ్రీజర్ పేపర్ దొరుకుతుంది. దానిమీద అక్షరాలు కోసి, మెరుపువైపు బట్టకు ఆనించి, ఆవిరి లేని ఇస్త్రీ పెట్టెతో ఒత్తితే బట్టకు తాత్కాలికంగా అంటుకుంటుంది; ఊడిన నడుమ ముక్కలను కూడా వాటి చోట పెట్టి ఒత్తవచ్చు గనుక మీకు వంతెనల అవసరమే ఉండదు. ఇక్కడి పాఠకులకు పాత ఎక్స్‌రే ఫిల్ము ఉండనే ఉంది, కడిగి వాడితే ఎన్నిసార్లైనా వస్తుంది, కాకపోతే వంతెనలు తప్పవు. రంగు పాకడానికి కారణం ఎక్కడైనా ఒకటే, స్పాంజిలో రంగు ఎక్కువ కావడం. రంగు గడ్డపెరుగంత చిక్కగా ఉండాలి. స్పాంజిని ముందు పాత పేపరు మీద రెండు మూడు సార్లు తట్టి, పొడిబారినట్టు అనిపించాక బట్టమీద నిలువుగా తట్టాలేగాని పక్కకు రుద్దకూడదు.

ప్రశ్న: బొంత మొత్తం కుట్టాక అద్దవచ్చా? (విజయనగరం)

జవాబు: అద్దవచ్చు గాని ఇస్త్రీ చేయలేరు. నడుమ పాలిస్టర్ దూది ఉంటే వేడికి కరిగి అణిగిపోతుంది. ముందు అద్ది, ఇస్త్రీతో రంగు నిలబెట్టి, ఆ తరువాతే దూది, అస్తరు పరిచి కచ్చాకుట్టు వేయండి. కుట్టేకొద్దీ బట్ట లోపలికి లాగుతుంది కాబట్టి నాలుగువైపులా ఒక అంగుళం ఎక్కువ ఉంచుకుని, అంతా అయ్యాక అంచులు కత్తిరించి పట్టీ వేయండి.

ప్రశ్న: రసాయనపు రంగులు వద్దనుకుంటే కలంకారీ రంగులే వాడవచ్చు కదా? (గుంటూరు)

జవాబు: అవి డబ్బా తెరిచి అద్దే రంగులు కావు. బట్టను ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెట్టాలి. బెల్లంలో ఇనుపముక్కలు పులియబెట్టిన నీటితో అద్దితే కరక్కాయలోని వగరుతో కలిసి నలుపు పుడుతుంది. పాలలోని జిడ్డు ఆ నీళ్లు పాకకుండా కాస్తుంది. ఎరుపు అంతకన్నా సుదీర్ఘం, పటిక అద్ది, ఉతికి, రంగుచెక్కతో ఉడకబెట్టాలి. చిన్నబొంతకు నలుపు ఒక్కటే చేసుకోండి, దానితోనే ఎంతో చేయవచ్చు. అయితే ఈ నీటితో ముతక గీతలున్న అచ్చే వాడండి, సన్నవి కలిసిపోతాయి.

ప్రశ్న: "కప్పుకోవడానికి పనికిరాని బొంత ఎందుకమ్మా?" అని మా అత్తగారు అడుగుతున్నారు. ఏం చెప్పను? (కరీంనగర్)

జవాబు: మీ అత్తగారి ప్రశ్న సరైనదే, ఆవిడ చేతి బొంత ఒకటి అడిగి తీసుకుని గోడకు తగిలించి చూపండి. పాత చీరల అంచులను ఎక్కడ ఏది అమరుతుందో చూసి కుట్టినవారు రంగుల కూర్పు తెలియకుండా కుట్టలేదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు తమ బొంతలను అంచు నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా నడుమకు కుట్టుకొస్తారు, నాలుగు మూలలా మడత పెట్టిన గుడ్డపూలు లేకుంటే పని పూర్తయినట్టు భావించరు. ఆ పూలతో చలి ఆగదు కదా. అమెరికాలో న్యూయార్క్‌లోని హార్లెంలో పుట్టిన ఫెయిత్ రింగోల్డ్ అనే చిత్రకారిణి 1980లో తన మొదటి బొంతను బట్టలు కుట్టే తల్లితో కలిసి చేశారు, ఆ తరువాత రంగులద్దిన బట్టకు కుట్టు అంచులు కట్టి కథలు చెప్పారు. ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్‌లో 1979లో క్విల్ట్ నేషనల్ పేరుతో మొదలైన ప్రదర్శనలో పెట్టేవి చాలావరకు గోడకోసం చేసినవే. ఈ వివరాలకన్నా, ఆవిడ పాత చీరముక్క ఒకటి మీ తరువాతి బొంతలో పెడితే మాట త్వరగా తెములుతుందని నా అనుమానం.

ప్రశ్న: మేకులు కొట్టకుండా గోడకు ఎలా తగిలించాలి? (విశాఖపట్నం)

జవాబు: పట్టీ వేసే ముందు వెనకవైపు పై రెండు మూలల్లో రెండు చదరపు గుడ్డముక్కలను మూలకు మడిచి త్రికోణాలుగా పెట్టి, వాటి బయటి అంచులను పట్టీలో కలిపి కుట్టేయండి. జేబుల్లా తెరుచుకుని ఉండే ఆ మూలల్లోకి బొంతకన్నా అర అంగుళం పొట్టిగా కోసిన వెదురుపుల్లను దోపితే, నడుమ ఒకే ఒక కొక్కేనికి, అంటించే రకమైనా సరే, నిలుస్తుంది. సముద్రం గాలికి గోడ చెమ్మగిల్లే ఊరు మీది, కనుక వానాకాలంలో దాన్ని దించి, వెనకవైపు ఎండకు చూపించి, మళ్లీ తగిలించండి. రంగుపడిన వైపు మాత్రం ఎండ తగలనివ్వకండి.